సౌండు పోయిన రాత్రి

తెర వెనక కూర్చుని సినిమా చూసినవాళ్లకు హీరోలందరూ ఎడమచేతి వాటం మనుషులే. కత్తి ఎడమచేత్తో దూస్తారు, గద ఎడమ భుజాన మోస్తారు, పెళ్లివిందులో అన్నం కూడా ఎడమచేత్తోనే తింటారు. పేర్లు పడేటప్పుడు అక్షరాలు తిరగబడి ఉంటాయి కనుక సంగీతం ఎవరిదో, దర్శకత్వం ఎవరిదో చదివే శ్రమ ఉండదు. మా ఊరి దసరా సినిమాల్లో సగం నేను ఆ వైపు నుంచే చూశాను.

మాది పాలకొల్లు నుంచి నరసాపురం పోయే కాలువ పక్క ఊరు. నవరాత్రుల్లో రామాలయం ముందు వీధికి అడ్డంగా రెండు వెదురు బొంగులు పాతి తెల్లగుడ్డ తెర కట్టేవారు. ఒక వైపు ప్రొజెక్టరు, చాపలు, గోనె పట్టాలు, చంటిపిల్లల తల్లులు, ఊరి పెద్దల కుర్చీలు. రెండో వైపు మిగిలినవాళ్లు. వాళ్లలో ఆలస్యంగా వచ్చినవాళ్లూ, నాలాగా ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లలూ కొద్దిమందే. ఎక్కువమంది పేటవాళ్లు. ఎంత పెందలాడే వచ్చినా వాళ్లు అటువైపే ఎందుకు కూర్చునేవారో అప్పట్లో నేను అడగలేదు. అడగాలని తోచనుకూడా లేదు. గుడ్డ పలచన కనుక బొమ్మ రెండు వైపులా ఒకేలా కనిపించేది, ఆ ఎడమచేతి సంగతి తప్పితే.

1974 దసరా. నాకు పదకొండేళ్లు. సార్వా చేలు పొట్ట మీద ఉన్నాయి. దుర్గాష్టమి రాత్రి సినిమా, మర్నాడు మహర్నవమికి పద్యనాటకం అని కమిటీవాళ్లు ముందే రిక్షాకు మైకు కట్టించి చాటించారు. సినిమా భారతంలోని ఒక ఘట్టం. పేరు చెబితే పాటలు మీ చెవుల్లో మోగడం మొదలవుతుంది, ఇక నా మాట వినపడదు. అందుకని చెప్పను. పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము, నాలుగు పెద్ద రీళ్లు, ఒక్కొక్కటి ముప్పావుగంట పైచిలుకు. ప్రొజెక్టరు ఒక్కటే కనుక రీలు రీలుకూ ఆపి మార్చాలి. ఆ పది నిమిషాల్లో బఠాణీలవాడూ సోడాలవాడూ పండగ చేసుకునేవారు.

రెండో రీలు సగంలో ఉండగా, ఏ రైసుమిల్లు ఆపారో ఏమో, పందిట్లో దీపాలన్నీ ఒక్కసారి భగ్గున వెలిగి మళ్లీ మామూలయ్యాయి. బొమ్మ ఆడుతూనే ఉంది. మాట పోయింది.

ప్రొజెక్టరులో రెండు దీపాలు ఉంటాయని మాకు ఆ రాత్రే తెలిసింది. పెద్దది బొమ్మను తెర మీదికి పంపుతుంది. వేలెడంత ఉండే రెండోది ఫిల్ము అంచున ఉన్న సన్నటి చార మీదికి వెలుగు వేస్తుంది. సినిమాలోని మాటా పాటా ఏడుపూ ఏనుగుల ఘీంకారం అంతా ఆ చారలోనే వంకరలుగా అచ్చయి ఉంటుంది. ఆ వంకరలను బట్టి వెలుగు హెచ్చుతూ తగ్గుతూ అవతలి గాజుకంటి మీద పడుతుంది. అక్కడ అది కరెంటుగా మారి, స్పీకరులో గొంతవుతుంది. దాని పేరు ఎక్సైటర్ ల్యాంపు. ఆపరేటరు దగ్గర పెద్ద దీపాలు రెండు అదనంగా ఉన్నాయి, చిన్నది ఒక్కటీ లేదు. విజయవాడ గాంధీనగరంలో దొరుకుతుందన్నాడు. రాత్రి పదిన్నరకు గాంధీనగరం!

జనం ఈలలు మొదలుపెట్టారు. కమిటీ అధ్యక్షుడు మా పెదనాన్న. మైకు సెట్టు వేరే కనుక అది పనిచేస్తోంది. దాన్ని పట్టుకుని ఆయన "భక్తమహాశయులు శాంతించాలి" అన్నాడు. భక్తమహాశయులు ఇంకా గట్టిగా ఈలవేశారు.

మర్నాటి నాటకానికి హార్మోనియం వాయించాల్సిన మేష్టారు ఒకరోజు ముందే వచ్చి గుడి అరుగు మీద పడుకుని ఉన్నారు. సినిమా అంటే ఆయనకు పెద్ద గౌరవం లేదు. ఈ గోలకు లేచి, ఉత్తరీయం దులుపుకుని, నెమ్మదిగా ప్రొజెక్టరు దగ్గరికి వచ్చారు.

"బొమ్మ ఆడుతోంది కదండీ?" అన్నారు.

"ఆడుతోంది. మాటే లేదు" అన్నాడు పెదనాన్న.

"అయితే బొమ్మ ఆపకండి. నా పెట్టె తెప్పించండి."

ఆయన పెట్టె అంటే భజనల్లో ఒళ్లో పెట్టుకునేది కాదు. కుర్చీలో కూర్చుని రెండు కాళ్లతో తొక్కుతూ, రెండు చేతులతో వాయించే నాటకాల హార్మోనియం. ఇద్దరు మోసుకొచ్చారు. ముందువైపు అడుగు పెట్టే చోటు లేదు. పిల్లల్ని లేపితే ఏడుస్తారు, పెద్దల్ని లేపితే అలుగుతారు. చివరికి తెర వెనక్కి చేర్చి, మైకు దాని ముందు పెట్టారు. మేష్టారు కూర్చుని తెర వంక చూసి, "ఈ సినిమా చూసినవాడు ఎవడైనా ఉన్నాడా ఇక్కడ?" అని అడిగారు.

నేను మూడుసార్లు చూశాను. పాలకొల్లులో మా మావయ్యకు గేటు దగ్గర మనిషి తెలుసు.

"ఇలా రా. నా పక్కన కూర్చుని ఏం జరగబోతుందో చెప్పు. జరిగాక చెబితే నాకు పనికిరాదు. వాడు కత్తి దూసింది నాకూ కనబడుతుంది. దూయబోయే ముందు చెప్పాలి."

"ఎంత ముందు చెప్పమంటారండీ?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఒక ఊపిరంత" అన్నారు.

పెట్టె మూత నేల మీద పెట్టి దాని మీద కూర్చోబెట్టారు నన్ను. అక్కడి నుంచి తెర కంటే ఆయన పాదాలే బాగా కనిపించేవి. చెప్పులు విడిచి తొక్కేవారు. కుడి బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది. ఒక కాలు దిగితే ఒక కాలు లేస్తూ, రాట్నం తిప్పినంత నిదానంగా. తొక్కినప్పుడల్లా పెట్టె లోపల తోలుతిత్తి నిట్టూర్చేది. మెట్లు పసుపు పచ్చబడ్డాయి. ఒక మెట్టు దిగితే మళ్లీ పైకి లేవదు. దాన్ని ప్రతిసారీ చిటికెనవేలి గోటితో మీటి లేపుతూనే వాయించారు ఆ రాత్రంతా.

మొదట్లో నేను చాలా కంగారుపడ్డాను. "ఇప్పుడు కోపం వస్తుందండీ" అనేలోపే అక్కడ కోపం వచ్చి వెళ్లిపోయేది. పది నిమిషాలకు ఆట పట్టుబడింది. "రాజు వస్తాడు", "అమ్మాయి సిగ్గుపడుతుంది", "శకుని నవ్వుతాడు" అని మోకాలి మీద తట్టి చెప్పేవాణ్ణి. ఆయన తల ఊపేవారు కాదు, నా వంక చూసేవారూ కాదు. నేను చెప్పడం, ఆయన వేళ్లు కదలడం, తెర మీద అది జరగడం. మూడూ ఒకదాని వెనక ఒకటి, మెట్లు దిగినట్టు. రాజుకు మోహన, కోపానికి అఠాణా. శకుని నవ్వుకు మాత్రం రాగం లేదు. పక్కపక్క మెట్లు రెండు ఒకేసారి నొక్కి పట్టుకునేవారు, పళ్లు జివ్వుమనేలా.

కాసేపటికి వాయిద్యాలు తమంతట తామే పోగయ్యాయి. అమ్మవారి మేళానికి వచ్చిన సన్నాయి ఆయనా డోలు ఆయనా హార్మోనియానికి రెండు పక్కలా చేరారు. భజన సమాజం నుంచి తాళాలు వచ్చాయి. యుద్ధం రాబోతోందని నేను చెప్పగానే మేష్టారు చీకట్లోకి చూసి, "డప్పు ఎవరి దగ్గరైనా ఉందా?" అన్నారు. అక్కడే కూర్చున్నారు డప్పులవాళ్లు, ఆ వైపున వాళ్లేగా ఉండేది. డప్పులు సెగ చూపించడానికి అప్పటికప్పుడు కొబ్బరాకులు పోగేసి మంట వేశారు. ఆ వెలుగుకు తెర మీది కౌరవసేన కాస్త వెలిసిపోయింది కానీ ఎవరూ ఏమీ అనలేదు. ఎవరో గుళ్లోంచి శంఖం తెచ్చి ఊదారు. ఆ శంఖం అంత గట్టిగా మోగుతుందని పూజారిగారికే తెలియదట.

మాటల సంగతి వేరే కథ. మా పోస్టుమాస్టరుగారు కృష్ణ పాత్రకు ఆ చుట్టుపక్కల పేరున్నవారు. మైకు ఒకటి ఆయన చేతికిచ్చారు. తెర మీద కృష్ణుడు నోరు విప్పితే చాలు, సినిమాలో ఉన్నా లేకపోయినా తనకు వచ్చిన పద్యం ఎత్తుకునేవారు. తెర మీద కృష్ణుడు నోరు మూసుకుని రథం దిగి వెళ్లిపోయాక కూడా పద్యం చివర రాగం ఇంకా సాగుతుండేది. మేష్టారు ఒకటి రెండుసార్లు శ్రుతి పట్టి వదిలేసి ఆపమని సైగ చేశారు. నాటకాల మనిషి ఆపుతాడా? పైగా ముందువైపు నుంచి "వన్స్ మోర్" అని కేకలు. ఆపరేటరు లేచి, "రీలు వెనక్కి తిప్పితే తెగుతుంది బాబూ, నన్ను బతకనివ్వండి" అని దణ్ణం పెట్టాడు.

ఇక ఆ తల్లి దగ్గరికి వస్తాను.

మూడో రీలు చివర, పద్మవ్యూహంలో కొడుకు పడిపోయిన కబురు తల్లికి చేరే చోటు. మంచి ముఖారి పడవలసిన చోటని మేష్టారు ముందే సిద్ధంగా ఉండి ఉంటారు. నేను ఒక ఊపిరి ముందు చెప్పాలి. చెప్పలేదు. మూడుసార్లు చూసిన సినిమా, నాలుగోసారీ ఏడుపొచ్చింది. ఆ రోజు వెనకవైపు నుంచి చూస్తున్నాను కదా, ఆవిడ ముఖం అటు తిరిగి ఉండవలసింది నా వైపు తిరిగి ఉన్నట్టు అనిపించింది. వేగులవాడు వచ్చాడు, తల వంచాడు, ఆవిడ చేతిలో పువ్వుల పళ్లెం జారింది. నా నోరు పెగల్లేదు. మేష్టారి వేళ్లు మెట్ల మీద అలాగే ఉండిపోయాయి. ఆయన ఆగేసరికి సన్నాయి ఆగింది, డోలు ఆగింది. పోస్టుమాస్టరుగారు కూడా ఆగారు, అదీ వింత.

ఎంతసేపో తెలియదు, నిమిషం ఉంటుందేమో. ప్రొజెక్టరు టకటకా, కాలువలో నీళ్లు లాకు దగ్గర పడుతున్న చప్పుడూ, అంతే. ముందువైపు నుంచి ఒక ముసలమ్మ "అయ్యో తల్లీ" అంది. అది రెండు వైపులా అందరికీ వినిపించింది.

ఆ తరవాత మేష్టారు ఒకే ఒక మెట్టు నొక్కి, తొక్కకుండా, తిత్తిలో మిగిలిన గాలి అయిపోయేదాకా దాన్ని అలా పోనిచ్చారు.

సినిమా అయ్యేసరికి రెండు దాటింది. జనం మేష్టారి చుట్టూ మూగారు. అందరిదీ ఒకే మాట, ఆ తల్లి దగ్గర ఆపడం ఆయనకే చెల్లిందని. మా పెదనాన్న నూట పదహార్లు చదివించి శాలువా కప్పాడు. మేష్టారు నా వంక చూసి ఏమీ అనలేదు. నేను పెట్టె మూత భద్రంగా ఆయనకు అప్పగించి ఇంటికి పరుగెత్తాను.

మర్నాడు పొద్దున కాలువ రేవులో స్నానం చేస్తూ ఆయనే పిలిచారు. భయపడుతూ వెళ్లాను. తిట్టలేదు. తన గురువుగారి సంగతి చెప్పారు. ఆయన రాజమండ్రిలో మూకీలకు వాయించేవారట. తెర కింద ఒక హార్మోనియం, ఒక తబలా. బెత్తం పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడి, తెర మీద పడే రాతలు చదివి జనానికి కథ చెప్పేవాడు. యంత్రం చేత్తో తిప్పేది. "సెకనుకు 16 బొమ్మలని లెక్క. తిప్పేవాడికి చెయ్యి నొప్పెడితే 14, ఇంటికి పోవాలని తొందరగా ఉంటే 20. అదే గుర్రం ఒకరోజు నడుస్తుంది, ఒకరోజు పరుగెడుతుంది. మా గురువుగారు గుర్రాన్ని చూసి వాయించేవారు, తిప్పేవాణ్ణి కాదు" అన్నారు.

1932 ఫిబ్రవరి 6న 'భక్త ప్రహ్లాద' విడుదలైంది, తెలుగు తెర మాట్లాడింది. "తెరకు నోరొచ్చింది, మా నోటికాడ కూడు పోయింది" అనేవారట గురువుగారు. నిడమర్తి సూరయ్యగారు 1936లో అదే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టినప్పుడు మళ్లీ ఆశపడ్డారట కానీ అప్పటికి వేళ్లు బిగుసుకుపోయాయి. మేష్టారు ఆయన దగ్గర నేర్చుకున్నది నాటకాలకు వాయించడమే. మూకీ విద్య మాత్రం భోజనాల తరవాత, పడుకోబోయే ముందు, కబుర్లలో చెప్పేవారట. "నలభై ఏళ్లు దాచిన సరుకు. నిన్న రాత్రి చెల్లింది" అని నవ్వి మునిగారు మేష్టారు.

అదే పొద్దున ఆపరేటరు రీళ్లు సర్దుకుంటూ నాకు ఒక తెగిన ఫిల్ము ముక్క ఇచ్చాడు. ఒక అంచున కన్నాలు, రెండో అంచున ఆ చార. తల్లి ముఖం ఉన్న బొమ్మ పక్కన ఆమె ఏడుపు ఉండదని చూపించాడు. ప్రొజెక్టరులో బొమ్మ పడే చోటు ఒకటి, సౌండు చదివే చోటు ఇంకొకటి. అందుకని పదహారు మిల్లీమీటర్ల ఫిల్ములో మాటను దాని బొమ్మ కంటే 26 బొమ్మలు ముందుగా అచ్చేస్తారు. సెకనుకు 24 చొప్పున ఆడితే అది ఒక సెకను కంటే ఇసుమంత ఎక్కువ. నేను మనసులో లెక్కపెట్టి చూసుకున్నాను. దాదాపు ఒక ఊపిరి.

ఇవన్నీ మళ్లీ గుర్తుకు రావడానికి కారణం మా తమ్ముడి కూతురు. లండన్‌లో ఉంటుంది. 2019 అక్టోబరు 19న అక్కడి రాయల్ ఆల్బర్ట్ హాలులో 'బాహుబలి' మొదటి భాగం వేశారు. సినిమాలోని మాటలూ చప్పుళ్లూ అలాగే ఉంచి, సంగీతం మాత్రం తీసేసి, తెర ముందు పెద్ద ఆర్కెస్ట్రాను కూర్చోబెట్టి వాయించారు. 1871లో కట్టిన హాలు అది. గుండ్రంగా, అయిదు వేల మందికి పైగా పడతారు. అక్కడ అలా వేసిన మొదటి ఇంగ్లీషేతర సినిమా అదేనని పత్రికలు రాశాయి. కీరవాణిగారిది కొవ్వూరు, గోదావరికి మా వైపు ఒడ్డే. మా అమ్మాయి ఫోను చేసి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "పెదనాన్నా, మీరు ఇలాంటిది ఎప్పుడూ చూసి ఉండరు" అంది. చూడలేదనే చెప్పాను. చెబితే నమ్మదు.

వినగా వినగా ఒక సందేహం మాత్రం అడిగాను, "వాళ్లకు ముందుగా ఎవరు చెబుతారమ్మా?" అని. దానికి అర్థం కాలేదు. తరవాత నేనే చదివి తెలుసుకున్నాను. ఇలాంటి ప్రదర్శనల్లో ఆర్కెస్ట్రా నడిపించేవారి ముందు ఒక చిన్న తెర ఉంటుంది. అసలు తెర మీద ఆడే బొమ్మే దాని మీదా ఆడుతుంది. కానీ వాయిద్యం ఎత్తుకోవలసిన చోటు వస్తోందంటే ఒక రంగు గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు జరుగుతుంది. అది అవతలి అంచుకు చేరేసరికి తళుక్కున ఒక చుక్క మెరుస్తుంది, అక్కడ చెయ్యి దించాలి. చెవుల్లో లెక్క తప్పకుండా టిక్కుటిక్కుమని తాళం. అంటే ఆ గీత చేసే పని ఒకప్పుడు నేను చేశాను. పెట్టె మూత మీద కూర్చుని, గోచీ సర్దుకుంటూ. గీతకు ఏడుపు రాదు, అదొక్కటే తేడా.

మళ్లీ మేష్టారిని చూసింది 1975 శివరాత్రికి. పాలకొల్లు క్షీరారామంలో దర్శనం చేసుకుని, తొమ్మిది అంతస్తుల గోపురం కింద మావయ్యతో నిలబడి ఉంటే ఆయనే భుజం మీద చెయ్యి వేశారు. జాగరణకు ఊళ్లో సినిమాహాళ్లన్నీ తెల్లవార్లూ ఆడుతున్నాయి. ఒకదానిలో మా సినిమానే. మావయ్యను ఒప్పించి నన్ను తీసుకెళ్లారు. నేల టిక్కెట్టు కాదు, కుర్చీ.

తెరను ఎదుటి నుంచి చూడటం ఆయనకు అదే మొదటిసారి. అర్జునుడు విల్లు ఎత్తగానే, "ఓహో, వీడిది కుడిచేతి వాటమే" అన్నారు. పక్కవాళ్లు ఇటు చూశారు. తరవాత ఏమీ మాట్లాడలేదు. యుద్ధం దగ్గర మాత్రం కింద కాలు ఆడుతోంది, తొక్కుతున్నట్టు.

వేగులవాడు వచ్చాడు. తల వంచాడు. పువ్వుల పళ్లెం ఇంకా జారకముందే వయొలిన్‌లు గుంపుగా లేచాయి. వాటి మీద వేణువు, దాని మీద ఎవరిదో ఆలాపన. హాలంతా ముక్కులు చీదుతోంది. మేష్టారు కాలు ఆపి కాసేపు విన్నారు. నా వైపు ఒరిగి, మెల్లగా చెవిలో అన్నారు.

"వీళ్ల పక్కన కూర్చున్న కుర్రాడు ఒక్కచోట కూడా ఏమరలేదురా."